అరువు గొంతులు

"పెద్దమ్మా! ఆ పిల్లి పాట సుశీలమ్మ పాడితే ఎలా వుంటుందంటావు?"

రాత్రి తొమ్మిదిన్నరకి పాలు తోడుపెట్టి వంటింటి దీపం ఆర్పుతూండగా ఫోను మోగింది. ఆ వేళప్పుడు ఫోను మోగితే ఎవరికేం ముంచుకొచ్చిందో అని నా గుండె గుభేలుమంటుంది. గబగబా తీస్తే ఇదీ ప్రశ్న. ఏ పిల్లి? ఏ పాట? సుశీలమ్మ ఎందుకు పాడాలి?

అడిగింది మా చెల్లెలి కూతురు బుజ్జి. అమెరికాలో న్యూ హ్యాంప్షైర్ రాష్ట్రంలో నాషువా అనే వూళ్ళో వుంటుంది. మా చెల్లెలు మనవణ్ణి చూసుకోడానికి వెళ్ళి నాలుగు నెలలుగా అక్కడే వుంది. చలిదేశం, మోకాళ్ళ నొప్పుల మనిషి. అందుకే నా కంగారు. తీరా చూస్తే వాళ్ళకది ఆదివారం మధ్యాహ్నం. నలుగురు స్నేహితురాళ్ళు తలా ఒక కూర వండుకొచ్చి, తిని, తీరిగ్గా ఒక ఆట ఆడుతున్నారట. ఎవరికీ పట్టని ఒక పాత బృందం పాటల్ని, ఎవరైనా మహా గాయని మళ్ళీ పాడితే బాగుంటుంది అనుకుంటే, ఆ గాయని ఎవరై వుండాలి? అదీ ఆట. ఒకావిడ సుశీల అందిట. ఇంకొకావిడ, "పసిపిల్ల గొంతు పెట్టగలదు, జానకి అయితేనే కుదురుతుంది" అందిట. మూడో ఆవిడ జోన్ బేజ్ పేరు చెప్పిందిట. బుజ్జి మాత్రం కేరెన్ కార్పెంటర్ అని పట్టుపట్టి కూర్చుంది. తగువు తేలక పెద్దదాన్ని కదా అని నన్ను తీర్పు చెప్పమన్నారు.

తీర్పు చెప్పాలంటే ముందు పాటలు వినాలిగా! పంపమన్నాను. విన్నాను. మర్నాడు మరోసారి విన్నాను. నా తీర్పు ఇదిగో, ఇలా కాగితం మీద పెడుతున్నాను. ఇది ఆ నలుగురికే కాదు, ఏ పాట విన్నా "ఇది ఫలానావాళ్ళు పాడితే ఇంకా ఎంత బాగుండేదో!" అని నిట్టూర్చే పెద్దలందరికీ కూడా. నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పాలంటే ముందు ఆ పిల్లల కథ చెప్పాలి.

నాషువా నుంచి కారులో గంట ప్రయాణంలో ఫ్రీమాంట్ అనే చిన్న వూరుంది. అక్కడ ఆస్టిన్ విగ్గిన్ అని మిల్లులో పనిచేసే ఒక ఆసామీ వుండేవాడు. ఆయన చిన్నతనంలో వాళ్ళమ్మ ఆయన చెయ్యి చూసి మూడు మాటలు చెప్పిందట. ఎర్రని బంగారు వన్నె జుట్టు పిల్లని పెళ్ళాడతావు, నేను పోయాక నీకు ఇద్దరు కొడుకులు పుడతారు, నీ కూతుళ్ళు పేరుమోసిన పాటల బృందం అవుతారు అని. మొదటి రెండూ జరిగాయి. ఇంక మూడోది జరక్కుండా ఎలా వుంటుంది! మనిళ్ళలో అయితే జాతకంలో వుంది కదా అని కూచుని ఎదురుచూస్తాం. ఆయన అలా కూచోలేదు. పెద్ద కూతుళ్ళు ముగ్గురినీ, డొరతీ, బెట్టీ, హెలెన్, బడి మానిపించాడు. పోస్టులో పాఠాలు తెప్పించి ఇంట్లోనే చదివించాడు. డొరతీకీ బెట్టీకీ గిటార్లు, హెలెన్‌కి డ్రమ్ములు కొనిపెట్టాడు. పొద్దున సాధన, మధ్యాహ్నం సాధన, ఆయన పని నుంచి వచ్చాక ఆయనకి వినిపించటం, ఆ పైన కసరత్తు. స్నేహాల్లేవు, షికార్లు లేవు. బృందానికి 'ది షాగ్స్' అని పేరు పెట్టాడు.

1968లో పక్కనే వున్న ఎక్సెటర్ వూళ్ళో ఒక పోటీలో పాడితే జనం ఈలలు వేసి, ఖాళీ డబ్బాలు విసిరారట. తండ్రి చలించలేదు. ఇంకా సాధన చెయ్యండి అన్నాడు. 1969లో ముగ్గురినీ తీసుకెళ్ళి మసాచుసెట్స్‌లో రివేర్ అనే చోట, తన కష్టార్జితం పోసి, 'ఫిలాసఫీ ఆఫ్ ది వరల్డ్' అనే రికార్డు చేయించాడు. వెయ్యి ప్రతులు వేయించాడనీ, అందులో తొమ్మిది వందలు ఆయన చేతికి రాకుండానే మాయమయ్యాయనీ చెబుతారు. ఏ రేడియోవాడూ పట్టించుకోలేదు. ఫ్రీమాంట్ టౌన్‌హాల్లో శనివారం శనివారం పాడేవాళ్ళు, అంతే. 1975లో తండ్రి పోయాడు. అక్కచెల్లెళ్ళు గిటార్లు పక్కన పెట్టేసి ఎవరి సంసారం వాళ్ళు చూసుకున్నారు.

ఇక ఆ పాటలు ఎలా వుంటాయంటారా? అబద్ధం చెప్పను. మొదటిసారి వింటూంటే మావారు పేపరు దించి, "స్టేషను సరిగ్గా కుదిరినట్టు లేదు, కాస్త తిప్పు" అన్నారు. గిటారు ఒక దారిన పోతుంది. డ్రమ్ములు ఇంకో వీధిలో ఎవరి పెళ్ళికో వాయిస్తున్నట్టు వుంటాయి. అక్కచెల్లెళ్ళ గొంతులు మాత్రం ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని, తిరునాళ్ళలో తప్పిపోతామేమో అన్నట్టు నడుస్తూంటాయి. శ్రుతి గురించి మాట్లాడకపోవడమే మర్యాద. పాటలు రాసింది డొరతీ. తప్పిపోయిన పిల్లి గురించి ఒకటి, దాని పేరు ఫుట్ ఫుట్. అమ్మానాన్నలంటే ఎవరు అని ఒకటి. లోకంలో ఎవరికున్నది వాళ్ళకి ఆనదని ఒకటి. చిన్న స్పోర్ట్స్ కారు గురించి ఒకటి.

రెండోసారి విన్నప్పుడు పేపరూ లేదు, మావారూ లేరు. మధ్యాహ్నం పప్పు ఏరుకుంటూ విన్నాను. అప్పుడు తట్టింది. ఆ పిల్లలు తప్పు వాయించటం లేదు. వాళ్ళకి ఒక లెక్క వుంది. ఆ లెక్క మనకి తెలియదు. డొరతీ పలికే ప్రతి అక్షరానికీ గిటారు ఒక్కొక్క మెట్టు ఎక్కుతుంది, దిగుతుంది. మాట పొడుగైతే పాట పొడుగు, మాట పొట్టిదైతే పాట పొట్టిది. మన పల్లెటూళ్ళలో ముసలమ్మలు మనవల్ని ఒళ్ళో వేసుకుని, తోచింది తోచినట్టు కథ చెబుతూ జోకొడతారే, ఆ లెక్క. ఆ రికార్డు చేసేరోజు ముచ్చటొకటి చెప్పుకుంటారు. వాయిస్తూ వాయిస్తూ పిల్లలు టక్కున ఆగిపోయేవారట. ఏమైందమ్మా అంటే, తప్పు పోయింది, మళ్ళీ మొదటినుంచీ అనేవారట. అద్దాల గదిలో కూచుని నవ్వుకుంటున్న ఇంజనీర్లకి ఏది తప్పో, ఏది ఒప్పో అంతుపట్టలేదట. వాళ్ళకి అన్నీ తప్పులే కదా మరి! ఆ పిల్లలకి మాత్రం ఒకటే తప్పు.

ఆ ఒక్క తప్పు ఎక్కడ పడిందో వినగలిగినవాళ్ళు పాడాలి ఆ పాట. మిగతావాళ్ళకి ఎంత బంగారు గొంతు వుంటే మాత్రం ఏం లాభం?

బుజ్జి స్నేహితురాలొకావిడ తెలివిగా అడిగింది. "అలా అయితే త్యాగరాజస్వామి గొంతు ఎవరు విన్నారండీ? ఎవరో ఒకరు పాడబట్టే కదా కీర్తనలు బతికాయి?" అని. మంచి ప్రశ్నే. కాని అమ్మాయీ, ఆ కీర్తనలు ఎలా బతికాయో తెలుసునా? శిష్యులు ఆయన ముందు కూచుని నేర్చుకున్నారు. వాలాజాపేట వాళ్ళనీ, ఉమయాళ్పురం వాళ్ళనీ, తిల్లైస్థానం వాళ్ళనీ శిష్యపరంపరలు చెప్పుకుంటారు. గురువుగారు ఎక్కడ ఆగారో అక్కడ ఆగారు. ఎక్కడ వూపిరి తీసుకున్నారో అక్కడ తీసుకున్నారు. పాట ముందు మనిషి వంగాడు. మీ ఆటలో ఎవరు వంగుతున్నారు? పాటే వంగి సుశీలమ్మ కాళ్ళ దగ్గర కూచోవాలని కదూ మీ కోరిక? అన్నమయ్య సంగతి ఎత్తుతారేమో, అదీ చెబుతాను. రాగిరేకుల మీద రాగం పేరుంది గాని స్వరం లేదు. కాబట్టి తరవాతివాళ్ళు వరస కట్టక తప్పలేదు. ఫ్రీమాంట్ పిల్లల పాటకి అలాంటి గతి పట్టలేదు. రికార్డు వుంది. పిల్లి ఎక్కడ తప్పిపోయిందో, ఎక్కడ దొరికిందో, అడుగులతో సహా వుంది.

సుశీల గొంతుని తక్కువ చేసేపాటి పాపం నేను చెయ్యను. నా పడుచుతనమంతా ఆ గొంతు మీద బతికింది. కాని ఒకసారి మీరే కళ్ళు మూసుకుని వూహించండి. ఆవిడ పాడితే ఆ పిల్లి తప్పిపోతుందా? పల్లవి పూర్తయ్యేలోగా వచ్చి ఒళ్ళో పడుకుంటుంది. అంత నమ్మకం ఆ గొంతులో. డొరతీ పాడితే, ఇంక ఆ పిల్లి రాదేమో, వీధి చివరిదాకా వెళ్ళి చూడాలేమో, నాన్న తిడతాడేమో అన్నట్టు వుంటుంది. పాట అంటే అదే కదా. ఆ భయాన్ని తీసేసి, శుభ్రంగా కడిగి, ముగ్గుపెట్టి మనకి చూపిస్తే మనం చూసేది ఎవరి వాకిలి?

ఇక్కడ నా సొంతగోడు కొంచెం వుంది. క్షమించాలి.

మా కాలంలో ఆడపిల్లకి పాట ఎందుకు నేర్పేవారో మీలో చాలామందికి తెలుసు. పెళ్ళిచూపుల కోసం. నన్ను చూసుకోడానికి ఏడుగురు వచ్చారు. ఏడుసార్లూ ఒకటే కీర్తన. అదీ మా నాన్నగారు ఎంచింది. పిల్లవాడి మేనత్త పీటమీద సర్దుకుని కూచుని, "ఏదీ, ఒక పాట పాడమ్మా" అనేది. పళ్ళెంలో మైసూరుపాకు ముక్క, కారప్పూస, నా పాట. ఒకదాని తరవాత ఒకటి వడ్డన. పాట అయ్యాక "గొంతు ఫరవాలేదు" అనేవాళ్ళు, "కాఫీలో పంచదార కాస్త ఎక్కువైంది" అన్న ధోరణిలోనే. ఎనిమిదోవారు మావారు. పాట అడగలేదు. అందుకే చేసుకున్నానని ఆయన దగ్గర ఇప్పటికీ ఒప్పుకోను.

అందుకని, నాన్న పాడమంటే పాడిన పిల్లలంటే నాకు వేరే చెప్పక్కర్లేదు. చేతిలో వున్న గీత కోసం పాడారు ఆ ముగ్గురూ. ఆస్టిన్ విగ్గిన్ చెడ్డవాడని నేను అనను. అలాంటి తండ్రుల్ని చూస్తూనే పెరిగాం. పిల్లల మీద ప్రాణం, పిల్లల మాట మీద మాత్రం లెక్కలేదు. హెలెన్ రహస్యంగా పెళ్ళి చేసుకుని, నాన్నకి చెప్పటానికి భయపడి, కొన్నాళ్ళు పుట్టింట్లోనే ఏమీ ఎరగనట్టు వుండిపోయిందని చదివితే, నాకు మా వీధిలో పిల్ల ఎవరో గుర్తొచ్చింది. కాని ఒకటి చూడండి. గిటారు నాన్నది, రికార్డు నాన్నది, శనివారం నాన్నది. పిల్లి మాత్రం డొరతీది. పాట కట్టమని ఆయన అన్నాడు గాని పిల్లి మీద కట్టమని అనలేదుగా! అన్ని తలుపులూ మూసిన ఇంట్లో ఆ అమ్మాయి తనకోసం అట్టేపెట్టుకున్న చోటు ఆ పాటల్లో వుంది. అది ఎక్కడుందీ అంటే, సరిగ్గా ఆ కుదరని తాళంలోనే వుంది. ఆ తాళం ఎవరూ నేర్పింది కాదు. మీరు కేకలు పెట్టి పిలుస్తున్న మహా గాయనులు మొట్టమొదట చేసే పని ఏమిటి? తాళం సరిచెయ్యటం!

సరిచేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మా ఇంట్లో జరిగింది.

మా చెల్లెలు, ఈ బుజ్జి వాళ్ళమ్మే, పదమూడేళ్ళప్పుడు ఒక పాట కట్టింది. తెనాలిలో మా పెరట్లో బావి వుండేది. దాని గిలక కిర్రు కిర్రుమనేది. నూనె వేస్తే రెండురోజులు నోరు మూసుకుని మళ్ళీ మొదలు. పొద్దున్నే మేమిద్దరం నీళ్ళు తోడాలి. నేను తోడుతుంటే అది గట్టు మీద కూచుని గిలక మీద పాట అల్లింది. గిలక ఏం చెబుతోంది, చేంతాడు ఏం చెబుతోంది, అమ్మ ఎందుకు కేకలేస్తోంది, అదీ పాట. అందులో ఒకచోట పాట ఆగిపోయేది. ఏమీ వుండదు. మాట లేదు, రాగం లేదు. తరవాత ఒక్కసారిగా మళ్ళీ ఎత్తుకునేది. ఆ ఆగటం ఒక రోజు పొట్టిగా, ఒక రోజు పొడుగ్గా వుండేది. నాకేమీ వింతగా అనిపించలేదు. బావి దగ్గర వింటున్నాను కనుక అంతే అనుకునేదాన్ని.

ఆ సంక్రాంతికి బొమ్మల కొలువు పేరంటంలో అమ్మ దానిచేత ఆ పాట పాడించింది. వచ్చినవాళ్ళలో సంగీతం పాఠాలు చెప్పే ఆవిడ ఒకరున్నారు. మంచి మనిషి. గొంతు బంగారం. చెల్లెల్ని దగ్గరికి తీసుకుని, "ఎంత ముద్దుగా కట్టావే! కాని తాళం తప్పిపోతోంది చూడు" అంది. అక్కడికక్కడే ఆదితాళంలో బిగించింది. ఆ ఖాళీ చోటు పూడ్చి, ఒక చిన్న సంగతి వేసి, తానే పాడి వినిపించింది. ఎంత బాగుందనీ! పేరంటాళ్ళంతా ఆహా అన్నారు. నేనూ అన్నాను. నిజం ఒప్పుకోవాలి కదా. ఆ తరవాత పేరంటాల్లో ఆవిడే ఆ పాట పాడేది. "మా వీధి పిల్ల కట్టిన పాట" అని మా చెల్లెలి పేరు చెప్పి మరీ పాడేది. ఏ విధంగానూ అన్యాయం చెయ్యలేదు ఆవిడ.

మా చెల్లెలు మళ్ళీ పాడలేదు. ఆ పాటే కాదు, ఏ పాటా. పెళ్ళిచూపుల్లో అడిగితే, "నాకు రాదండీ" అంది. నాన్నగారు మండిపడ్డారు. అమ్మ సిగ్గుపడింది. కూతురు పుడితే జోలపాటకి బదులు ఎక్కాలు చెప్పి నిద్రపుచ్చింది. అందుకేనేమో, బుజ్జి లెక్కల్లో దిట్ట.

ఇప్పుడు చెప్పండి. టీవీల్లో పాటల పోటీలు పెట్టి, ఏడేళ్ళ పిల్లని నిలబెట్టి, "పల్లవిలో రెండోచోట కాస్త శ్రుతి జారిందమ్మా, కాని చాలా బాగా పాడావు" అంటూంటే మనం కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ చూస్తాం. ఆ పిల్ల ఇంటికెళ్ళి తనకోసం తాను పాడుకునే పాట ఏదైనా మిగిలుంటే, అది ఎలా వుంటుందో ఎవరికైనా తెలుసునా? పరాయివాళ్ళ పాట బాగా పాడితే బహుమతి. తన పాట తన లెక్కలో పాడితే "తాళం తప్పింది."

అటువైపు వాదన కూడా చెప్పకపోతే నన్ను పక్షపాతి అంటారు. షాగ్స్ పాటలు పాతాళం నుంచి పైకి వచ్చింది మెచ్చుకున్నవాళ్ళ పుణ్యమే. 1980లో ఎన్‌ఆర్‌బీక్యూ అనే బృందంవాళ్ళు పూనుకోబట్టి ఆ రికార్డు మళ్ళీ వచ్చింది. కర్ట్ కొబేన్ తన డైరీలో బాగా నచ్చిన యాభై రికార్డుల పట్టీలో దీన్ని రాసుకున్నాడు. 2001లో చాలామంది కలిసి ఒక్కొక్కరు ఒక్కో పాట పాడి, బీటిల్స్ కంటే మేలు అనే పేరు పెట్టి, ఒక ఆల్బమ్ తెచ్చారు. 2011లో న్యూయార్కులో వీళ్ళ కథ సంగీత నాటకమైంది. ఇవన్నీ లేకపోతే బుజ్జికి తెలిసేది కాదు, నాకు తెలిసేది కాదు. డొరతీ కూడా 2013లో, ఎప్పుడో రాసి పెట్టుకున్న పాటలు కలుపుకుని, కొత్త ఆల్బమ్ చేసింది. అప్పటికి ఆవిడ వయసు మనవల్ని ఆడించేది. మంచిదే కదా అంటారు. మంచిదే. నేను మెచ్చుకోవద్దనలేదు. పాడవద్దనీ అనలేదు. ఎలా పాడాలో చెబుతున్నాను.

ఆ ఎలాగన్నది చేసి చూపించినవాళ్ళు వున్నారు. 2017లో మసాచుసెట్స్‌లోనే నార్త్ ఆడమ్స్ అనే వూళ్ళో ఒక సంగీతోత్సవానికి విల్కో అనే బృందంవాళ్ళు డొరతీనీ బెట్టీనీ పిలిచారు. హెలెన్ 2006లోనే పోయింది. అక్కచెల్లెళ్ళిద్దరూ పాడారు. వెనక వాయించింది ఆరితేరిన వాద్యగాళ్ళు. వాళ్ళేం చేశారో తెలుసునా? సరిచెయ్యలేదు. ఆ పాత రికార్డు ముందేసుకుని, హెలెన్ ఎక్కడ ముందు పడిందో, ఎక్కడ వెనక పడిందో, గిటారు ఎక్కడ తడబడిందో, దెబ్బ దెబ్బ లెక్కపెట్టి నేర్చుకున్నారు. సంగీతం వచ్చినవాడికి తాళం తప్పటం ఎంత కష్టమో మీ ఇంటి పక్క మృదంగం మాస్టారిని అడగండి. అందులోనూ ఇంకొకరు తప్పినచోటే తప్పటం! అది శిష్యరికం. నేను వాలాజాపేట గురించి చెప్పింది అదే.

ఇక బుజ్జి పట్టుపట్టిన పేరు మిగిలింది. కేరెన్ కార్పెంటర్. ఆ పేరు విని మొదట నవ్వాను. సుశీల కంటే మెత్తని గొంతు, తేనెలో నానేసినట్టు వుంటుంది. ఆవిడా పిల్లిని వెంటనే ఇంటికి తెచ్చేస్తుంది అనుకున్నాను. తరవాత రెండు సంగతులు తెలిసి నవ్వు ఆగిపోయింది.

ఒకటి. 1975లో, తండ్రి బతికుండగానే, షాగ్స్ మళ్ళీ కొన్ని పాటలు రికార్డు చేశారు. అవి 1982లో బయటికొచ్చాయి. అందులో కార్పెంటర్స్ వాళ్ళ 'ఎస్టర్‌డే వన్స్ మోర్' వుంది. అంటే ఆ పిల్లలే ముందు కేరెన్ పాట పాడారు. అప్పటికి కాస్త చెయ్యి తిరిగింది, తాళం కుదిరింది, పాపం. ఆ పాట విన్నాను. ఎవరో బడిపిల్లలు చక్కగా తల దువ్వుకుని ఫొటోకి నిలబడ్డట్టు వుంది. నాకు ఫుట్ ఫుట్టే నయమనిపించింది.

రెండోది. కేరెన్ అసలు డ్రమ్ములు వాయించే పిల్ల, మన హెలెన్‌లాగా. డ్రమ్ముల వెనక కూచుని పాడటమే ఆవిడకి ఇష్టం. ఇంత చక్కని గొంతు, డ్రమ్ముల వెనక జనానికి కనిపించకపోతే ఎలా అని అందరూ కలిసి ఆవిణ్ణి ముందుకి తెచ్చి మైకు దగ్గర నిలబెట్టారు. అందరూ చూశారు. ఆవిడ తన్ను తాను చూసుకుని చూసుకుని తిండి మానేసే జబ్బులో పడి, 1983లో ముప్ఫై రెండేళ్ళకే పోయింది. జబ్బుకి అదొక్కటే కారణమని నేను అనను, అంత తెలిసినదాన్ని కాను. కాని బంగారు గొంతు వున్న పిల్లనీ, శ్రుతి లేని పిల్లనీ కూడా ముందుకొచ్చి నిలబడమన్నది వేరేవాళ్ళే కదా అనిపించింది. ఇద్దరి పాటకీ ఎవరో మేనత్త పీట వేసుకుని కూచునే వుంది.

అందుకని నా తీర్పు ఇదీ. సుశీలమ్మకి వద్దు. జానకమ్మకి వద్దు. జోన్ బేజ్‌కి నమస్కారం. కేరెన్‌కి మాత్రం ఇస్తాను, ఒక్క షరతు మీద. ఆవిణ్ణి మైకు ముందు నిలబెట్టకూడదు. డ్రమ్ముల వెనకే కూచోబెట్టాలి. హెలెన్ వాయించిన దెబ్బలు ఉన్నవి ఉన్నట్టు వాయించి, నోరు తిరిగితే పాడాలి, తిరక్కపోతే మానాలి. ఎలాగూ కల కాబట్టి ఇది జరిగేది కాదని నాకు తెలుసు.

ఇదంతా నిన్న రాత్రి బుజ్జికి ఫోనులో చెప్పాను. బొమ్మ కనిపించే ఫోను. చంటాడు దాని భుజం మీద నిద్రపోతున్నాడు. వెనక వంటింట్లో మా చెల్లెలు గిన్నెలు సర్దుతున్న చప్పుడు. గిలక పాట సంగతి బుజ్జి ఎప్పుడూ వినలేదట. "అమ్మ పాట కట్టిందా? మా అమ్మా?" అని నోరు తెరిచింది. "ఎలా వుంటుంది పెద్దమ్మా, ఒక్కసారి అను" అంది. నాకెక్కడ వస్తుంది? యాభై ఏళ్ళ పైమాట. అయినా పిల్ల అడిగింది కదా అని, చంటాడు లేవకుండా, గొంతు తగ్గించి ఎత్తుకున్నాను. గిలక వచ్చింది, చేంతాడు వచ్చింది, అమ్మ కేకలు వచ్చాయి. ఆ పైన పేరంటంలో నేర్చిన సంగతి దానంతటదే నోట్లోకి వచ్చేసింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"అది కాదక్కా" అంది మా చెల్లెలు, కనిపించకుండా. "బొక్కెన ఇంకా మునగలేదు."